ఫోన్‌లో టవర్ గీతలు నిండుగా ఉన్నా పేజీ ఎందుకు రాదు?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఏ నెట్ సెంటర్‌కైనా ఇంటర్ ఫలితాలొచ్చే రోజున వెళ్తే వినపడే మాటలు రెండే. ఒకటి "సర్వర్ డౌన్", రెండోది "నెట్ స్లో". "ఏటి బాబూ, ఎంతసేపు తిరుగుతాదది?" అని పక్కనున్న పెద్దాయన అడిగితే చెప్పడానికి మన దగ్గర ఇంకో జవాబు ఉండదు. అడంగల్ కాపీ కోసం వచ్చిన రైతుకీ, పాస్‌పోర్టు అప్లికేషన్ పెడుతున్న ఉద్దానం కుర్రాడికీ ఇదే జవాబు. అయితే స్క్రీన్ మీద ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ బ్రౌజర్ (పేజీలు తెరిచే క్రోమ్ లాంటి యాప్) ఒకదాని తరువాత ఒకటి చాలా పనులు చేస్తూ ఉంటుంది. వాటిలో కొన్నిటికే నెట్‌తో సంబంధం. మిగతా బరువంతా మన చేతిలో ఉన్న ఫోన్ మోస్తుంది. ఆ బరువు గురించి మనం దాదాపు మాట్లాడుకోం. టవర్‌ని తిట్టుకుంటాం, పెద్ద ప్లాన్‌కి రీఛార్జ్ చేయించుకుంటాం, పేజీ మాత్రం అంతే నెమ్మదిగా వస్తుంది.

పేజీ ఎక్కడో తయారై, ఫొటోలాగా మన ఫోన్‌కి వచ్చి పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఇల్లు కట్టే చోట ఇసుక, ఇటుక, సిమెంటు, ప్లాను కాగితం లారీలో వచ్చి దిగినట్టు, సైట్‌ని దాచి ఉంచిన సర్వర్ అనే కంప్యూటర్ నుంచి కొన్ని ఫైళ్ళు మాత్రమే వస్తాయి. కట్టేది ఇక్కడ, మన ఫోన్‌లో. సామాను ఎంత వేగంగా దిగినా ఇల్లు లేవడానికి పట్టే టైము పడుతుంది.

పాత కీప్యాడ్ ఫోన్లు వాడినవాళ్ళకి ఓపెరా మినీ అనే బ్రౌజర్ గుర్తుండే ఉంటుంది. 2జీ రోజుల్లో, అంత చిన్న ఫోన్‌లో అది అంత చురుగ్గా ఎలా పనిచేసేదంటే, పేజీ కట్టే పనిని ఫోన్‌కి అప్పజెప్పేది కాదు. ఆ కంపెనీ సర్వర్లే పేజీని తెచ్చి, సిద్ధం చేసి, బాగా కుదించి పంపేవి. ఫోన్ దాన్ని చూపించేది అంతే. ఇప్పుడు మనం వాడే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మొత్తం పనిని తామే చేస్తాయి. పేర్లు ఎన్ని కనపడినా ఈ కట్టే ఇంజన్లు ముఖ్యంగా మూడే. క్రోమ్, ఎడ్జ్, ఇప్పటి ఓపెరా లోపల ఉన్నది బ్లింక్. సఫారీలో వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌లో గెకో. బ్లింక్ కూడా 2013లో వెబ్‌కిట్ నుంచి చీలి వచ్చిందే.

పేరు కొట్టాక

అడ్రస్ బార్‌లో సైట్ పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే బ్రౌజర్‌కి కావలసింది ఐపీ అడ్రస్. నెట్‌వర్క్‌లో మెషిన్లు ఒకదాన్నొకటి పిలుచుకునేది అంకెలతోనే. ఫలానా పేరుకి ఫలానా అంకె అని చెప్పే వ్యవస్థ డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించకముందు, ఇంటర్నెట్‌కి ముందుతరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో ఉన్న మెషిన్ల పేర్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండేవి, అందరూ ఆ ఫైల్‌నే కాపీ చేసుకునేవారు. ఇప్పుడు బ్రౌజర్ ముందు తన జ్ఞాపకంలో వెతుక్కుంటుంది, తరువాత ఫోన్‌ని అడుగుతుంది, అక్కడా లేకపోతే మనకి నెట్ ఇచ్చే కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. దానికీ తెలియకపోతే అది పేరుని కుడి నుంచి ఎడమకి విప్పుకుంటూ వెళ్తుంది. చివర "డాట్ ఇన్" ఉంటే, ముందు రూట్ సర్వర్‌ని "ఇన్ సంగతి ఎవరు చూస్తారు?" అని, వాళ్ళని "గవ్ డాట్ ఇన్ ఎవరిది?" అని, ఇలా ఒక్కో మెట్టు దిగుతుంది.

అంకె దొరికాక సర్వర్‌తో పలకరింపు మొదలవుతుంది. నేనున్నాను అని ఇటు నుంచి ఒక మాట, విన్నాను అని అటు నుంచి ఒకటి, సరే అని మళ్ళీ ఇటు నుంచి. ఇది టీసీపీ. ఆ తరువాత మధ్యలో ఎవరూ చదవకుండా రహస్య తాళాలు మార్చుకోవడం, అది టీఎల్ఎస్. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 ఈ మాటల్లో ఒక రౌండు, అంటే ఒకసారి వెళ్ళి రావడం, తగ్గించింది. పేజీలు అడిగి తెచ్చుకునే పద్ధతిలో 2022లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌టీటీపీ/3 పలకరింపునీ తాళాల మార్పిడినీ కలిపేసింది. పెద్దపెద్ద కంపెనీలు ఒక్క రౌండు తగ్గించడానికి ఏళ్ళ తరబడి ఎందుకు కష్టపడ్డాయో దూరం లెక్క చూస్తే తెలుస్తుంది.

ఫైబర్ కేబుల్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. విజయనగరం నుంచి ముంబై గీత గీసినట్టు 1,100 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి 11 మిల్లీసెకన్లు, అంటే లెక్కలోకి రాదు. అదే సర్వర్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే దూరం 13 వేల కిలోమీటర్లు. వెలుతురు వేగంతో వెళ్ళినా రానూపోనూ 130 మిల్లీసెకన్లు. కేబుళ్ళు తిన్నగా ఉండవు కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువ. పేరు వెతకడం, పలకరింపు, తాళాలు, "పేజీ ఇవ్వు" అనే అసలు అడగడం కలిపితే మూడు నాలుగు రౌండ్లు. ఒక్క అక్షరం రాకముందే అర సెకను పైన గడిచిపోతుంది. పైగా ఫోన్ నుంచి టవర్ దాకా గాలిలో వెళ్ళే ముక్క అన్నిటికన్నా నమ్మకం లేనిది.

ఇంకో సంగతి. సర్వర్ మన లైను ఎంత మోయగలదో ముందే తెలియక ఒకేసారి అంతా కుమ్మరించదు. మామూలుగా మొదటి విడతలో పది ప్యాకెట్లు (చిన్న డేటా మూటలు), సుమారు 14 కేబీ పంపి, అందినట్టు కబురొచ్చాక రెట్టింపు చేసుకుంటూ పోతుంది. అందుకే మన ప్లాన్‌లో 50 ఎంబీపీఎస్ అని రాసున్నా చిన్న పేజీకి ఆ వేగం ఉపయోగపడదు. వేగం అందుకునేలోపే పేజీ అయిపోతుంది. వెళ్ళి రావడానికి పట్టే టైమే అక్కడ లెక్క. పెద్ద సైట్లు తమ ఫైళ్ళ కాపీలను దేశంలోని పెద్ద ఊళ్ళలో పెట్టుకునేది ఈ దూరం తగ్గించుకోడానికే.

పని ఆగిపోయినప్పుడు ఎక్కడ ఆగిందో బ్రౌజర్ చెబుతుంది. ఇంగ్లీషులో నల్లగా కనపడే ఆ లైనుని మనం చదవకుండానే మూసేస్తాం. డీఎన్ఎస్ అనో "నేమ్ నాట్ రిజాల్వ్డ్" అనో ఉంటే పేరు దగ్గరే ఆగింది. స్పెల్లింగ్ తప్పయినా అయుండాలి, మన వైపు నెట్ అయినా లేకుండా ఉండాలి. "టైమ్‌డ్ ఔట్" అంటే పలకరించాం, అటునుంచి జవాబు లేదు. 404 అంటే సర్వర్ బాగానే ఉంది, మనం అడిగిన పేజీ అక్కడ లేదు. ఫలితాల రోజున ఎక్కువగా కనపడే 503 అంటే మన మాట అక్కడికి చేరింది, సర్వర్‌కి తీరిక లేదు. అంటే మన నెట్ భేషుగ్గా ఉందన్నమాట. అప్పుడు సిమ్ మార్చడం, ఫోన్ రీస్టార్ట్ చేయడం వృథా. ఆగకుండా రీలోడ్ కొడితే ఆ క్యూని మనమే ఇంకా పొడుగు చేస్తున్నట్టు. కాసేపాగి ప్రయత్నించడం ఒక్కటే మార్గం.

ఈ పలకరింపుల దగ్గరే చెప్పుకోవలసిన మాట ఇంకోటుంది. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే సైట్ మంచిదని మనవాళ్ళకి ఎవరో నేర్పేశారు. దారిలో ఎవరూ చదవలేరనీ, ఆ పేరు గల సర్వర్‌తోనే మాట్లాడుతున్నామనీ మాత్రమే ఆ తాళం అర్థం. దొంగ సైట్ కూడా తాళం పెట్టుకోగలదు, అదీ పైసా ఖర్చు లేకుండా. తాళం చూసి నమ్మేవాళ్ళు ఎక్కువైపోయారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసి వేరేది పెట్టింది. చూడాల్సింది పేరు, అందులోనూ చివరి భాగం. ప్రభుత్వ సైట్ అయితే సాధారణంగా "గవ్ డాట్ ఇన్" తో ముగుస్తుంది. ఆ మాట మధ్యలో ఎక్కడో ఉండి చివర ఇంకేదో ఉంటే అది ప్రభుత్వానిది కాదు.

ఫైళ్ళు దిగాక

మొదట వచ్చేది హెచ్‌టీఎంఎల్. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బటన్ అని గుర్తులు పెట్టిన రాత. బ్రౌజర్ దాన్ని పూర్తిగా వచ్చేదాకా ఆగకుండా, వచ్చిన ముక్క వచ్చినట్టు చదువుతూ, కొమ్మలూ రెమ్మలూ ఉన్న చెట్టులా మెమరీలో పేర్చుకుంటుంది. రాసినవాళ్ళు తప్పులు చేసినా తిరగ్గొట్టదు. మూయాల్సిన గుర్తు మూయకపోతే తనే మూసుకుంటుంది. ఏ తప్పుని ఎలా సర్దుకోవాలో కూడా ప్రమాణ పత్రంలో రాసి ఉంది, అందుకే ఒకే తప్పుడు పేజీ అన్ని బ్రౌజర్లలోనూ దాదాపు ఒకేలా కనపడుతుంది. టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొదటి బ్రౌజర్ రాసిన నాటి సాదా పేజీలు ఇవాళ్టికీ తెరుచుకుంటున్నాయంటే ఈ ఓర్పే కారణం. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా గౌరవం కలిగించే విషయం ఇది.

రంగులు, సైజులు, ఖాళీలు చెప్పేది సీఎస్ఎస్. అది అందేదాకా బ్రౌజర్ స్క్రీన్ మీద ఏమీ వేయదు, వేస్తే ముందు బోసిగా కనపడి తరువాత మారుతుంది కాబట్టి. హెచ్‌టీఎంఎల్ వచ్చేసినా తెల్ల స్క్రీనే కనపడే కారణాల్లో ఇదొకటి. రెండూ చేతికొచ్చాక ఏ డబ్బా ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఎక్కడ కూర్చోవాలో లెక్క కడుతుంది. ఇది లేఅవుట్. తరువాత రంగులు నింపి, పొరలు పొరలుగా స్క్రీన్ మీదికి చేర్చుతుంది. మనం వేలితో పైకి తోస్తున్నప్పుడు ఈ బొమ్మ మామూలుగా సెకనుకి 60 సార్లు మారాలి. ఒక్కో బొమ్మకి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. అందులో పని తెమలకపోతే స్క్రీన్ కుదుపుతో కదులుతుంది.

డౌన్‌లోడ్ బటన్ నొక్కబోయేసరికి అది కిందికి జారిపోయి, వేలు వెళ్ళి ప్రకటన మీద పడడం అందరికీ అనుభవమే. బొమ్మ ఎంత ఎత్తుందో పేజీ రాసినవాళ్ళు ముందుగా చెప్పలేదు. బ్రౌజర్ దానికి చోటు వదలకుండా లెక్క కట్టేసింది. బొమ్మ దిగగానే లెక్క మళ్ళీ మొదలు, కింద ఉన్నవన్నీ జరుగుతాయి. వెడల్పు, ఎత్తు అని రెండు అంకెలు రాసి ఉంటే ఈ జారుడు ఉండేది కాదు.

మన అక్షరాల సంగతి

తెలుగు పేజీలకి ఇక్కడ ఇంకో పని అదనం. "శ్రీకాకుళం" అనే మాట తీసుకుందాం. కంటికి నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. ఫైల్‌లో మాత్రం పది ముక్కలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. యూనికోడ్‌లో ఒక్కో ముక్కకి ఒక్కో నంబరు, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 30 బైట్లు. ఇదే ఊరి పేరుని ఇంగ్లీషులో రాస్తే 10 బైట్లు. దారిలో ఫైల్‌ని కుదించి పంపుతారు కాబట్టి ఈ తేడా అంతగా బాధించదు. అసలు పని ఆ తరువాత ఉంది.

శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని వరసగా వచ్చిన నాలుగు ముక్కలని ఒక్క "శ్రీ" చేయాలి. పొల్లు పక్కన ర వచ్చింది కాబట్టి ర వత్తుగా మారి శ కింద చుట్టుకోవాలి. ఫైల్‌లో ర తరువాత ఉన్న గుడిదీర్ఘం వెళ్ళి శ నెత్తిన కూర్చోవాలి. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ పోతే సరిపోతుంది, మనకి అలా కుదరదు. ఈ కూర్పుని షేపింగ్ అంటారు. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ దీన్ని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఏ వత్తు ఏ రూపంలో ఎక్కడ పడాలో చెప్పే నియమాలు ఫాంటు ఫైల్‌లోనే ఉంటాయి. మాట వెడల్పు తెలిస్తే గానీ లైను ఎక్కడ విరగాలో తెలియదు కాబట్టి, లేఅవుట్ లెక్క కట్టాలంటే ఈ కూర్పు జరగాల్సిందే.

ఈ పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. "జ్ఞా" అనే మన అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే గుర్తుతో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. తప్పు అక్షరాలని కూర్చే భాగంలో ఉంది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 తెచ్చి సరిచేసింది.

2000ల మొదట్లో నెట్‌లో తెలుగు పత్రికలు చదివినవాళ్ళకి ఇంకో బాధ తెలుసు. ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంటు. ఇంగ్లీషు అక్షరాల నంబర్లకే తెలుగు బొమ్మలు తగిలించేవారు. ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా అర్థంకాని గుర్తులు. ఫైర్‌ఫాక్స్‌లో "పద్మ" అనే ఎక్స్‌టెన్షన్ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. యూనికోడ్ ఫాంట్లు ఫోన్లలోనే వచ్చేశాక ఆ బాధ పోయింది. ఇప్పుడు సైట్లు అందం కోసం మండలి, రామభద్ర లాంటి ఫాంట్లని నెట్ నుంచి తెప్పించుకుంటున్నాయి. వత్తులూ గుణింతాలూ కలిపి వందలాది రూపాలుండే తెలుగు ఫాంటు, ఇంగ్లీషు ఫాంటు కంటే బరువే. అది దిగేదాకా బ్రౌజర్ అక్షరాలకి చోటు మాత్రం వదిలి మూడు సెకన్ల దాకా ఖాళీగా ఉంచుతుంది. బొమ్మలు కనపడుతూ వార్త కనపడకపోతే కారణం చాలాసార్లు ఇదే. ఫాంటు వచ్చేదాకా ఫోన్‌లో ఉన్న అక్షరాలతోనే చూపించు అని సీఎస్ఎస్‌లో ఒక్క లైను రాస్తే చాలు.

అసలు బరువు

జావాస్క్రిప్ట్‌ని 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో మొదటి రూపానికి తెచ్చాడు. ఫారం నింపామా లేదా అని చూసుకోవడం లాంటి చిన్న పనులకి పుట్టిన ఈ ప్రోగ్రామింగ్ భాష ఇవాళ పేజీలో చాలా పని చేస్తోంది. ఫొటో ఫైల్ ఒక ఎంబీ ఉంటే దాన్ని విప్పి చూపించడంతో పని అయిపోతుంది. జావాస్క్రిప్ట్ ఒక ఎంబీ ఉంటే దాన్ని చదవాలి, మెషిన్ భాషలోకి మార్చాలి, నడపాలి. ఇదంతా నెట్ పని పూర్తయ్యాక మొదలయ్యే పని.

పైగా ఆ కోడ్ నడవడం, లేఅవుట్ లెక్కలు, మన వేలి తాకిడికి స్పందించడం, ఈ మూడింటికీ ఉన్నది ఒక్కటే దారి. దాన్ని మెయిన్ థ్రెడ్ అంటారు. పెద్ద కోడ్ ఆ దారిలో నడుస్తుంటే మిగతావన్నీ వెనక ఆగాల్సిందే. పేజీ కనపడుతుంది, బటన్ ఉంటుంది, నొక్కితే పలకదు. మళ్ళీ నొక్కుతాం. ఫోన్ పాడైందని టెన్షన్ పడతాం. నొక్కినవన్నీ క్యూలో చేరి, దారి ఖాళీ అవగానే ఒకేసారి పనిచేస్తాయి. అప్లికేషన్ రెండుసార్లు సబ్మిట్ అవ్వడానికి ఇదొక కారణం.

లక్ష రూపాయల ఫోన్‌లో ఒక సెకను పట్టే కోడ్ మన ఊళ్ళలో ఎక్కువమంది చేతుల్లో ఉండే ఫోన్లలో మూడు నాలుగు సెకన్లు పట్టడం మామూలే. నెట్ ఒకటే, టవర్ ఒకటే, సర్వర్ ఒకటే. తేడా అంతా ప్రాసెసర్‌ది. విజయనగరంలో స్కూళ్ళకీ షాపులకీ సైట్లు చేసే కుర్రాళ్ళు ఆఫీసు ఫైబర్ మీద, మంచి ల్యాప్‌టాప్‌లో చూసుకుని బాగుందంటారు. క్రోమ్‌లోనే ఎఫ్12 నొక్కితే తెరుచుకునే డెవలపర్ టూల్స్‌లో ప్రాసెసర్‌ని నాలుగు రెట్లు నెమ్మది చేసి చూసే ఆప్షన్ ఉంది. రాజాం, పాలకొండ సంతలో తిరిగే మనిషి ఫోన్‌లో తమ పేజీ ఎలా ఉంటుందో అక్కడ చూడొచ్చు.

"క్యాష్ క్లియర్ చెయ్యి, ఫాస్ట్ అవుతుంది" అనే సలహా కూడా చాలా చోట్ల వింటాం. క్యాష్‌లో ఉండేవి ఒకసారి తెచ్చుకున్న ఫైళ్ళు, మళ్ళీ తేకుండా దాచుకున్నవి. తుడిచేస్తే అన్నీ మొదటినుంచి తెచ్చుకోవాలి, పేజీ ఇంకా ఆలస్యమవుతుంది. పాత ఫైల్ పట్టుకుని పేజీ తప్పుగా కనపడుతున్నప్పుడో, ఫోన్‌లో చోటు బొత్తిగా లేనప్పుడో మాత్రమే అది పనికొస్తుంది.

మెమరీ తక్కువున్న ఫోన్లలో అందరినీ ఏడిపించే సంగతి ఓటీపీది. ఫారమంతా ఓపిగ్గా నింపుతాం, ఓటీపీ కోసం మెసేజ్‌ల్లోకి వెళ్ళి వస్తాం, ఫారం మొత్తం ఖాళీ. 2008లో వచ్చినప్పటి నుంచీ క్రోమ్ పేజీలని విడివిడి ప్రాసెస్‌లుగా నడుపుతోంది. ఒక పేజీ చెడితే మిగతావి చెడకుండా, ఒక సైట్ ఇంకో సైట్ గుట్టు చూడకుండా ఆ ఏర్పాటు. దానికి మెమరీ ఎక్కువ కావాలి. మనం వేరే యాప్‌లోకి వెళ్ళగానే ఆండ్రాయిడ్‌కి మెమరీ చాలకపోతే, వెనక ఉన్న పేజీ ప్రాసెస్‌ని ఆపేస్తుంది. తిరిగి రాగానే క్రోమ్ అడ్రస్ చూసుకుని పేజీని మళ్ళీ మొదటినుంచి కడుతుంది. మనం నింపినవి చాలాసార్లు అందులో ఉండవు. ఇక్కడ నెట్ తప్పు లేదు, సర్వర్‌కి ఈ సంగతే తెలియదు. అందుకని ఓటీపీ వచ్చినప్పుడు బ్రౌజర్ వదిలి వెళ్ళకుండా, పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి అక్కడే చదువుకోవడం మంచిది. ఫారం మొదలుపెట్టే ముందు మిగతా యాప్‌లు మూసేస్తే ఇంకా మంచిది.

ఫారం తయారుచేసేవాళ్ళు తలచుకుంటే అది కూడా అక్కర్లేదు. మనిషి నింపే ఒక్కో గడినీ అప్పటికప్పుడు బ్రౌజర్‌లోనే దాచి, పేజీ మళ్ళీ తెరుచుకోగానే తిరిగి నింపే కోడ్ పట్టుమని ఇరవై లైన్లుండదు. దాచేటప్పుడు సెషన్ స్టోరేజ్ అనే చోట దాచాలి. అక్కడున్నవి ట్యాబ్ మూసేస్తే పోతాయి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఒకరి ఆధార్ నంబరు తరువాత కూర్చున్నవాళ్ళకి కనపడకూడదు కదా.